డాబా మీది సోలార్ ప్యానెళ్లలో నీడను, క్షీణతను విడదీసి లెక్కగట్టే పద్ధతి

విజయవాడ, గుంటూరు నగరాల్లో కొన్నేళ్ల కిందట డాబాల మీద సోలార్ పెట్టించుకున్న ఇళ్లలో ఇప్పుడు తరచుగా వినిపిస్తున్న మాట, మొదట్లో వచ్చినన్ని యూనిట్లు రావడం లేదన్నది. ఆ మాట చాలాచోట్ల నిజమే గానీ, దాని వెనకున్న కారణం అన్ని ఇళ్లలోనూ ఒకటి కాదు. పక్కింటివారు కొత్తగా లేపిన అంతస్తు నీడ కావచ్చు, గాజు మీద పేరుకున్న మురికి కావచ్చు, కాలిపోయిన బైపాస్ డయోడ్ (ప్యానెల్‌లో నీడపడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిలో పంపే పరికరం) కావచ్చు, లేదా ప్యానెల్‌లో కరెంటు పుట్టించే సెల్లులే నిజంగా బలహీనపడి ఉండవచ్చు. నెట్ మీటర్ బిల్లులో ఇవన్నీ ఒకే అంకెగా కలిసిపోతాయి కాబట్టి బిల్లు చూసి కారణం చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ముందు రావలసినది ఎంతో లెక్కగట్టి, వచ్చినదానితో పోల్చి, ఆ తేడాలోంచి వేడిని, నీడను, మురికిని, విద్యుత్ లోపాలను ఒక్కొక్కటిగా తీసివేస్తే, చివరకు మిగిలేదే క్షీణత, అంటే ప్యానెల్ తనంతట తాను బలహీనపడటం. ఈ క్రమాన్ని పాటించకుండా వారంటీ కోసం వెళ్తే మన వాదన నిలబడదు.

రావలసినది ఎంత?

ప్యానెల్ వెనక లేబుల్ మీద రాసిన వాట్లు ప్రయోగశాల పరిస్థితులకు చెందినవి. చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత అక్కడి ప్రమాణాలు. కృష్ణా తీరంలో మే నెలలో కొన్ని మధ్యాహ్నాలు గాలి ఉష్ణోగ్రతే 42 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు సెల్ 70 డిగ్రీలకు చేరుతుంది. అందుకని ముందుగా సెల్ ఉష్ణోగ్రతను అంచనా వేయాలి. డేటాషీట్‌లో ఎన్‌ఓసీటీ అనే అంకె ఉంటుంది, అంటే 800 వాట్ల ఎండలో, 20 డిగ్రీల గాలిలో సెల్ చేరే ఉష్ణోగ్రత; చాలా ప్యానెళ్లకు అది 45 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. అందులోంచి 20 తీసివేసి, 800తో భాగించి, అప్పటి ఎండ తీవ్రతతో గుణించి, గాలి ఉష్ణోగ్రతకు కలిపితే సెల్ ఉష్ణోగ్రత వస్తుంది.

ఉదాహరణకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.24 కిలోవాట్లు, ఒకే స్ట్రింగ్‌గా (ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి) ఉన్నాయనుకుందాం. ఎండ 850 వాట్లు, గాలి 38 డిగ్రీలు ఉంటే సెల్ 64.6 డిగ్రీలకు చేరుతుంది. ఉష్ణోగ్రతా గుణకం డిగ్రీకి మైనస్ 0.35 శాతం అయితే, 25 డిగ్రీల పైన ఉన్న 39.6 డిగ్రీలకు నష్టం సుమారు 13.9 శాతం. 3240ని 0.85తోనూ 0.861తోనూ గుణిస్తే డీసీ వైపు 2370 వాట్లు వస్తాయి. ఆ డీసీని ఇంటి ఏసీగా మార్చే ఇన్వర్టర్‌లో 3 శాతం, తీగల్లోనూ ప్యానెళ్ల మధ్య తేడాల వల్లనూ 3 శాతం, శుభ్రంగా ఉన్న గాజు మీది సన్నని ధూళికి 2 శాతం తీసివేస్తే ఇన్వర్టర్ తెర మీద కనిపించవలసినది 2190 వాట్ల ప్రాంతంలో ఉంటుంది. తెర మీద 2100 కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. 1750 కనిపిస్తే మాత్రం వెతకడం మొదలుపెట్టాలి.

ఎన్‌ఓసీటీ అంకె ప్యానెల్ కింద గాలి ఆడే స్టాండుకు వర్తిస్తుంది. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల, గోదాముల రేకుల కప్పులకు దగ్గరగా బిగించిన ప్యానెళ్లు అంతకంటే వేడెక్కుతాయి కాబట్టి, అక్కడ ప్యానెల్ వెనక సెన్సర్ అంటించి కొలిచిన ఉష్ణోగ్రతనే లెక్కలోకి తీసుకోవడం మంచిది. లేకపోతే వేడి వల్ల పోయినదాన్ని క్షీణత ఖాతాలో రాసుకుంటాం.

ఎండ తీవ్రతను కొలవడానికి ప్యానెల్ వాలులోనే బిగించే చిన్న రిఫరెన్స్ సెల్ ఉంటే అన్నిటికంటే మేలు. అది లేనివారు నాసా పవర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే రోజువారీ వివరాలతో నెలసరి లెక్క చేసుకోవచ్చు. అయితే అవి సమతల నేల మీద పడే ఎండకు సంబంధించినవి కాబట్టి మన ప్యానెల్ వాలుకు మార్చుకోవాలి. పైథాన్ తెలిసినవారికి పీవీలిబ్ అనే ఉచిత లైబ్రరీ ఆ పని చేసిపెడుతుంది. ఒక కాలంలో వచ్చిన యూనిట్లను, ప్యానెళ్ల కిలోవాట్లను అదే కాలంలో చదరపు మీటరుకు పడిన ఎండ యూనిట్లతో గుణించగా వచ్చిన సంఖ్యతో భాగిస్తే పనితీరు నిష్పత్తి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డాబా ప్లాంటుకు అది సాధారణంగా 0.75, 0.85 మధ్య ఉంటుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే దిక్కుకు, ఒకే వాలులో పక్కవారి ప్యానెళ్లు ఉంటే కిలోవాట్‌కు యూనిట్ల చొప్పున వాటితో పోల్చడం కూడా నమ్మదగిన కొలతే. ఇద్దరి మీదా పడేది ఒకే ఎండ.

నీడ

మన ప్రాంతంలో నీడ లోపాలకు ఒక ప్రత్యేకమైన రూపం ఉంది. వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకును నైరుతి మూలలో ఎత్తుగా కడతారు. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం మూడు గంటల వేళ సూర్యుడు దాదాపు నైరుతిలోనే, 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ సమయంలో ప్యానెల్ తలం కంటే రెండు మీటర్లు ఎత్తున్న ట్యాంకు నీడ ఈశాన్యం వైపు సుమారు 3.4 మీటర్లు సాగుతుంది. అదే రోజు నడి మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులో ఉండగా నీడ 1.7 మీటర్లే. ఏప్రిల్‌లో కొలతలు తీసుకుని ప్యానెళ్లు బిగించిన వెండర్‌కు ఈ నీడ అసలు కనిపించి ఉండదు. దీనికి తోడు మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా నడుస్తాడు. కాబట్టి వాయవ్యంలోని మెట్ల గది నీడ జూన్ సాయంత్రాల్లో ప్యానెళ్ల మీదికి వస్తుంది, చలికాలంలో రాదు. ఒక్క రోజు డాబా ఎక్కి చూసి నీడ లేదని తేల్చడం ఇందుకే సరికాదు.

నీడను గుర్తించడానికి చాలా ఇన్వర్టర్ల యాప్‌లలో ఐదు లేదా పదిహేను నిమిషాలకు ఒకసారి నమోదయ్యే వివరాలు చాలు. నెలకు ఒక్కటి చొప్పున మబ్బు లేని రోజును ఎంచుకుని, ఆ పన్నెండు రోజుల పవర్ గీతలను ఒకదాని మీద ఒకటి గీయాలి. నీడ లేని రోజు గీత నున్నని గోపురంలా ఉంటుంది. నీడ ఉన్నచోట గీతకు కొరికినట్లు గాటు పడుతుంది, ఆ గాటు వారం తరువాత కూడా దాదాపు అదే గడియారపు సమయానికి కనిపిస్తుంది, నెలలు గడిచేకొద్దీ మెల్లగా పక్కకు జరుగుతుంది. మబ్బు అలా చేయదు, పాడైన ప్యానెల్ కూడా అలా చేయదు. ఈ ఒక్క లక్షణంతోనే నీడను మిగతా లోపాల నుంచి వేరు చేయవచ్చు.

తరువాత డీసీ వోల్టేజీని, కరెంటును విడివిడిగా చూడాలి. మన ఉదాహరణలోని ప్యానెల్‌లో సెల్లులు మూడు గుంపులుగా ఉండి, ఒక్కో గుంపుకు ఒక బైపాస్ డయోడ్ ఉంటుంది. ఆరు ప్యానెళ్లకు మొత్తం పద్దెనిమిది గుంపులు. ప్యానెల్‌కు పని వోల్టేజీ 41 చొప్పున చల్లని స్థితిలో స్ట్రింగ్‌కు 246 వోల్టులు. ఎండలో వేడెక్కాక అది 210 ప్రాంతానికి దిగుతుంది. ఒక గుంపు మీద నీడ పడి దాని డయోడ్ పనిచేయడం మొదలుపెడితే స్ట్రింగ్ వోల్టేజీ ఒక్కసారిగా 12 నుంచి 13 వోల్టులు పడిపోతుంది, కరెంటు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. వోల్టేజీ నిలకడగా ఉండి కరెంటు తగ్గితే అది అన్ని ప్యానెళ్ల మీదా సమానంగా వెలుగు తగ్గడం, అంటే పలుచని మబ్బు లేదా మురికి.

నీడ నమూనాను కాగితం మీద కూడా వేయవచ్చు. పద్దెనిమిది గుంపుల్లో మూడింటి మీద నీడ పడిందని, ఆకాశపు చెదరు కాంతి వల్ల వాటికి 40 శాతం వెలుగు అందుతోందని అనుకుందాం. ఇన్వర్టర్ ముందు రెండు దారులు ఉంటాయి. పూర్తి కరెంటు లాగి ఆ మూడు గుంపులను డయోడ్ల ద్వారా తప్పించవచ్చు. అప్పుడు పదిహేను గుంపుల పవర్, అంటే సుమారు 82 శాతం దక్కుతుంది. లేదా కరెంటును 40 శాతానికి తగ్గించి అన్ని గుంపులనూ నడపవచ్చు. అప్పుడు దక్కేది 42 శాతం చిల్లర. మొదటి దారే లాభం. నీడ పన్నెండు గుంపులకు వ్యాపిస్తే మొదటి దారిలో డయోడ్ల నష్టం కూడా పోగా 30 శాతమే మిగులుతుంది కాబట్టి రెండో దారి మేలవుతుంది. ఈ రెండు దారుల్లో తక్కువ పవర్ ఇచ్చేదాని మీద ఇన్వర్టర్ ఒకసారి కుదురుకుంటే నీడ తొలగిపోయేదాకా అక్కడే ఉండిపోవచ్చు. లెక్క ప్రకారం 82 శాతం రావలసిన వేళలో 45 శాతమే వస్తుంటే లోపం ప్యానెల్‌ది కాదు, ఇన్వర్టర్‌లో నీడను వెతికే సెట్టింగ్ ఆపివేసి ఉందేమో చూడాలి.

మురికి

మురికి వల్ల తగ్గుదల రోజురోజుకూ కొద్దికొద్దిగా పెరిగి, మంచి వాన పడిన మర్నాడు ఒక్కసారిగా కోలుకుంటుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పరిసరాల్లో బూడిద, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల దుమ్ము, జిన్నింగ్ మిల్లుల దగ్గర దూది పీచు పేరుకునే వేగం వేరువేరుగా ఉంటుంది కాబట్టి, ఎవరి డాబా లెక్క వారే కట్టుకోవాలి. రెండు ఒకేరకం ప్యానెళ్లలో ఒకదాన్ని కడిగి, రెండోదాన్ని అలాగే ఉంచి, రెండింటి షార్ట్ సర్క్యూట్ కరెంట్లను (ప్యానెల్ రెండు కొసలను నేరుగా కలిపితే ప్రవహించే కరెంటు) పోలిస్తే మురికి నష్టం నేరుగా తెలుస్తుంది.

పావురాల, కాకుల రెట్టను మాత్రం మురికిగా కాక నీడగా లెక్కించాలి. ఒకే సెల్ మీద గట్టిపడిన రెట్ట ఆ సెల్‌ను ఎదురు వోల్టేజీలోకి నెట్టి, మితిమీరి వేడెక్కే హాట్ స్పాట్‌గా మారుస్తుంది. తక్కువ వాలులో పెట్టిన ప్యానెళ్లకు కింది ఫ్రేము వెంబడి వాననీరు నిలిచి బురద గీత ఏర్పడుతుంది. వేలెడు వెడల్పు కూడా లేని ఆ గీత అడుగు వరుస సెల్లులను కప్పుతుంది. ప్యానెల్ నిలువుగా ఉంటే ఆ అడుగు వరుస మూడు గుంపులకూ చెందుతుంది కాబట్టి పాతతరహా పూర్తి సెల్లుల ప్యానెల్ మొత్తం దెబ్బతింటుంది; సగం సెల్లుల ప్యానెల్ (సెల్లులను రెండుగా కోసి, పై, కింది సగాలుగా కలిపినది) అయితే పై సగం పనిచేస్తూనే ఉంటుంది. అడ్డంగా ఉంటే ఒక్క గుంపే పోతుంది. కడగడం తెల్లవారుజామున, గాజు చల్లగా ఉన్నప్పుడే జరగాలి. ఉప్పు నీటి బోర్లు ఉన్న ఇళ్లలో ఆ నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే గాజు మీద తెల్లని పొర కడుతుంది, అది తరువాతి ఏడాది క్షీణతలా కనిపిస్తుంది. కుళాయి నీళ్లు వాడాలి, లేదా రబ్బరు వైపర్‌తో తుడిచేయాలి.

డాబా మీద కొలతలు

స్ట్రింగ్ డీసీ వోల్టేజీ ప్రాణాలు తీయగలదు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ కొసల్లోని వోల్టేజీని ఆపే స్విచ్ ఉండదు. నడుస్తున్న స్ట్రింగ్‌లో కనెక్టర్ లాగితే ఆర్క్ (మండే విద్యుత్ మెరుపు) లేస్తుంది కాబట్టి, ముందు ఇన్వర్టర్‌ను, తరువాత డీసీ ఐసొలేటర్‌ను (ప్యానెళ్ల తీగలను ఇన్వర్టర్ నుంచి విడదీసే స్విచ్) ఆపి, కరెంటు సున్నా అయిందని క్లాంప్ మీటర్‌తో చూసుకున్నాకే కనెక్టర్ మీద చేయి వేయాలి. ఈ పని అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

ఒక్కో ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీని (దేనికీ కలపనప్పుడు ఉండే వోల్టేజీ) ఒకే పది నిమిషాల వ్యవధిలో కొలిచి పక్కపక్కన రాయాలి. అన్నీ 44 చూపిస్తుండగా ఒకటి 29 లేదా 30 చూపిస్తే దానిలో ఒక డయోడ్ షార్ట్ అయినట్లే. మూడింట ఒక వంతు పోయింది. ఏప్రిల్, మే నెలల్లో పిడుగులతో కూడిన గాలివానల తరువాత ఈ లోపం కనిపించే అవకాశం ఎక్కువ.

డయోడ్ తెగిపోయి ఉంటే ఈ కొలతలో ఏమీ తేడా కనిపించదు. దానికి వేరే పరీక్ష ఉంది. మంచి ఎండలో ఇన్వర్టర్ నడుస్తుండగా స్ట్రింగ్ తీగకు క్లాంప్ మీటర్ తగిలించి, ఒక గుంపులోని ఒక సెల్‌ను అట్టముక్కతో పూర్తిగా కప్పాలి. సగం సెల్లుల ప్యానెల్ అయితే అదే నిలువు గుంపులో పై సగంలో ఒకటి, కింది సగంలో ఒకటి కప్పాలి. డయోడ్ బాగుంటే కరెంటు నిలిచి, ఇన్వర్టర్ వోల్టేజీ 12 నుంచి 13 వోల్టులు తగ్గుతుంది. కరెంటు కుప్పకూలితే ఆ డయోడ్ తెగిందని అనుమానించాలి. డయోడ్ లేని గుంపులో కప్పిన సెల్ ప్రమాదకరంగా వేడెక్కుతుంది కాబట్టి అట్టను నిమిషంలోపే తీసివేయాలి. ఈ పరీక్షను ఏడాదికొకసారైనా చేయించమని నా గట్టి సలహా. తెగిన డయోడ్ యూనిట్లను తగ్గించకుండానే ప్యానెల్‌ను లోలోపల కాలుస్తుంది.

థర్మల్ కెమెరా అద్దెకు దొరికితే ఎండ 600 వాట్ల పైన ఉన్నప్పుడు, గాజు మీద ఆకాశపు ప్రతిబింబం పడని కోణంలో చూడాలి. ఒక్క సెల్ మండుతుంటే పగులు గానీ రెట్ట గానీ కారణం. ప్యానెల్‌లో మూడో వంతు పట్టీ సమానంగా వెచ్చగా ఉంటే ఆ గుంపు బైపాస్ అయింది. ప్యానెల్ మొత్తం పక్కవాటికంటే వెచ్చగా ఉంటే అది స్ట్రింగ్‌కు కరెంటు ఇవ్వడం లేదు. వానాకాలపు ఉదయాల్లో మాత్రమే ఇన్వర్టర్ ఇన్సులేషన్ లోపం చూపించి, ఎండెక్కాక సర్దుకుంటుంటే ప్యానెల్ వెనక పొర పగుళ్లను, కనెక్టర్లలోకి చేరిన నీటిని వెతకాలి.

మిగిలిన క్షీణత ఏ రకం?

ఇక్కడి నుంచి గణిత నమూనా అవసరం తప్పదు. ఒక ప్యానెల్ ప్రవర్తనను సింగిల్ డయోడ్ నమూనా ఐదు అంకెలతో వర్ణిస్తుంది: వెలుగు పుట్టించే కరెంటు, డయోడ్ లీకేజీ కరెంటు, డయోడ్ ఆదర్శ గుణకం, సిరీస్ నిరోధం (కరెంటు నడిచే దారిలోని అడ్డు), షంట్ నిరోధం (కరెంటు పక్కదారిన కారిపోకుండా ఆపేది). ఒక్కో రకం క్షీణత వీటిలో ఒక్కోదాన్ని మారుస్తుంది. సెల్లుల మధ్య రిబ్బన్లు, అతుకులు తుప్పు పడితే సిరీస్ నిరోధం పెరుగుతుంది. సెల్ మీది ఈవీఏ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర పచ్చబడితే వెలుగు కరెంటు తగ్గుతుంది. తేమ, వేడి, ఎక్కువ వోల్టేజీ కలిసినచోట గాజులోని సోడియం సెల్‌లోకి చేరి పీఐడీ అనే లోపం కలిగిస్తే షంట్ నిరోధం పడిపోతుంది. ఈ లోపం సాధారణంగా స్ట్రింగ్ మైనస్ చివరన ఉన్న ప్యానెళ్లలో ముందు కనిపిస్తుంది. సముద్రపు తేమ, నది తేమ రెండూ తగిలే మన జిల్లాల్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ప్యానెల్ వోల్టేజీకి ఎదురుగా కరెంటును గీసి చూపే ఐ-వీ కర్వ్ ట్రేసర్ ఉంటే ఈ తేడాలు గీత ఆకారంలోనే బయటపడతాయి. ఓపెన్ సర్క్యూట్ వైపు గీత వాలిపోతే సిరీస్ నిరోధం, షార్ట్ సర్క్యూట్ వైపు వాలిపోతే షంట్ లోపం, మధ్యలో మెట్టు కనిపిస్తే నీడ లేదా పగిలిన సెల్. అయితే ఆ పరికరం ఖరీదైనది. దాని అవసరం లేకుండా ఇన్వర్టర్ వివరాలతోనే చాలావరకు తేల్చగల ఒక దారి ఉంది, దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ప్యానెళ్లు కడిగిన తరువాతి వారంలో, నీడ లేని గంటల్లో, ఉష్ణోగ్రత సవరణ చేసిన పనితీరు నిష్పత్తిని ఎండ తీవ్రతకు ఎదురుగా గీయాలి. స్ట్రింగ్‌లో ఎక్కడో అదనంగా అర ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. 12 ఆంపియర్ల వద్ద అది 72 వాట్లు తింటుంది, అంటే రెండున్నర శాతానికి పైమాటే. 4 ఆంపియర్ల వద్ద 8 వాట్లే, ఒక శాతం కూడా కాదు. కాబట్టి సిరీస్ నిరోధం పెరిగినప్పుడు గీత ఎండ ఎక్కువైన వైపు కిందికి వంగుతుంది. షంట్ లీకేజీ వల్ల 40 వాట్లు పోతున్నాయనుకుంటే వోల్టేజీ పెద్దగా మారదు కాబట్టి ఆ నష్టం రోజంతా దాదాపు స్థిరంగా ఉంటుంది. 2800 వాట్ల వేళ అది ఒకటిన్నర శాతం లోపే, ఉదయం 400 వాట్లే వచ్చే వేళ పది శాతం. అప్పుడు గీత ఎండ తక్కువైన వైపు వంగుతుంది. వంపు లేకుండా గీత మొత్తం కిందికి దిగితే ఈవీఏ పచ్చబడటం, గాజు మసకబారటం, లేదా సరిగా వదలని మురికి. ఉదయపు ఏటవాలు వెలుగులో గాజు ప్రతిఫలనం సహజంగానే ఎక్కువ కాబట్టి, ఈ గీతను సిద్ధాంతపు గీతతో కాక మన ప్లాంటు మొదటి ఏడాది గీతతోనే పోల్చాలి.

ఈ అనుమానాన్ని నిర్ధారించుకోవడానికి పీవీలిబ్‌లో డేటాషీట్ నుంచి రాబట్టిన ఐదు అంకెలతో నమూనా నడిపి, ఒకసారి సిరీస్ నిరోధాన్ని, మరోసారి షంట్ నిరోధాన్ని మాత్రమే మారుస్తూ, ఏ మార్పుతో లెక్కించిన గీత కొలిచిన గీత మీద కూర్చుంటుందో చూడాలి. ఒకేసారి అన్ని అంకెలనూ మార్చితే ఏ గీతనైనా సరిపెట్టవచ్చు, దానివల్ల తెలిసేది ఏమీ ఉండదు.

ఏడాదికి ఎంత?

క్షీణత వేగాన్ని చెప్పడానికి జనవరిని మేతో పోల్చకూడదు. ఈ రోజు నిష్పత్తిని గత ఏడాది ఇదే తేదీ నిష్పత్తితో పోల్చి, అలాంటి వందల తేడాల మధ్యమాన్ని (వరుసలో పేర్చితే నడిమిన వచ్చే విలువ) తీసుకోవాలి. రుతువుల ప్రభావం దానంతట అదే కొట్టుకుపోతుంది. అమెరికా పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ఎన్‌ఆర్‌ఈఎల్ రూపొందించిన ఆర్‌డీటూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతినే అనుసరిస్తుంది. అదే సంస్థలో పనిచేస్తూ జోర్డన్, కర్ట్జ్ ప్రచురించిన సమీక్షలో మధ్యమ వేగం ఏడాదికి 0.5 శాతంగా తేలింది. ఐఐటీ బొంబాయిలోని ఎన్‌సీపీఆర్‌ఈ అనే సౌర విద్యుత్ పరిశోధనా కేంద్రం, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి మన దేశంలో చేసిన సర్వేల్లో వేడి ప్రాంతాల ప్యానెళ్లు, చిన్న డాబా ప్లాంట్లు ఎక్కువగా క్షీణించినట్లు కనిపించింది. మన చేతిలోని మీటర్ల దోషమే మూడు, నాలుగు శాతం కాబట్టి ఒక్క ఏడాది వివరాలతో అర శాతం క్షీణతను చూశామనడం సాధ్యం కాదు. కనీసం మూడేళ్ల నమోదు కావాలి.

వారంటీ పత్రంలో సాధారణంగా మొదటి ఏడాదికి 2 నుంచి 3 శాతం, తరువాత ఏటా 0.55 నుంచి 0.7 శాతం తగ్గుదలను అనుమతిస్తారు. మొదటి ఏడాది 2, తరువాత ఏటా 0.55 చొప్పున చూస్తే ఐదేళ్లకు అనుమతి 4.2 శాతం. ఒక ప్యానెల్ వేడి, మురికి సవరణల తరువాత 12 శాతం తక్కువ చూపిస్తే కొలత దోషాన్ని కలుపుకున్నా అది దావాకు అర్హమే. సీరియల్ నంబర్ కనిపించే ఫోటో, అదే ఎండలో పక్క ప్యానెళ్ల కొలతలు, థర్మల్ చిత్రం, నీడ లేదని చూపే మబ్బు లేని రోజుల గీతలు జతచేసి రాతపూర్వకంగా పంపాలి. ఫోన్‌లో చెప్పినదానికి ఆధారం మిగలదు. ప్యానెల్ మార్చాక దాని కొత్త వాట్లతో లెక్కను సవరించి, ఆ తేదీ నుంచి నిష్పత్తి నమోదును కొత్తగా మొదలుపెట్టాలి. పాత గీతకు కొత్త గీతను అతికిస్తే మిగిలిన ప్యానెళ్ల క్షీణత అందులో కనిపించకుండా పోతుంది.